పాలపళ్ళే కదా అనబాకండి: అంగన్‌వాడీలో, నర్సరీలో పిల్లకాయల పళ్ళు చూసుకోవడం ఎట్టా

మా సెంటర్‌లో ఒక బుడ్డోడు ఉండేవాడు, నాలుగేళ్ళు నిండినై. మధ్యాహ్నం గుడ్డు పెడితే పచ్చసొన తినేసి తెల్లసొన మొత్తం కంచం అంచున పెట్టేవాడు. నేను మారాం అనుకున్నా. రెండు వారాలు అట్టా గడిచాక మా ఆయా కనిపెట్టింది, "టీచరమ్మా, వీడు ఒక దవడతోనే తింటన్నాడు చూడు" అని. నోరు తెరిపించి చూస్తే కుడిపక్క కింది దవడపన్ను నడిమధ్యన నల్లగా గుంట, జొన్నగింజ పట్టేంత. ఆ నెల తూకంలో వాడి బరువు పెరగలేదు, నేనేమో "ఆకలి తక్కువగా ఉందమ్మా, రోంత బలవంతంగా పెట్టు" అని తల్లికి చెప్పి పంపించా. 14 ఏళ్ళ సర్వీసు నాది, కనిగిరి వైపు పల్లెలోనే మొత్తం, అన్నేళ్ళలో పిల్లకాయల గోళ్ళు చూశా, తలలో పేలు చూశా, నోట్లోకి చూడాలని మాత్రం తోచలేదు.

ఆ తర్వాత డెంటల్ డాక్టర్లని అడిగి, ఏఎన్ఎమ్‌ని విసిగించి, తప్పులు చేసి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తన్నా. అంగన్‌వాడీ వాళ్ళకే కాదు, ప్రైవేటు నర్సరీ, ఎల్కేజీ టీచర్లకి కూడా పనికొస్తది. మనం వైద్యం చేసేదేం లేదు. కాకపోతే రోజూ ఐదారు గంటలు ఆ పిల్లకాయలు మన కళ్ళ ముందే తింటారు, మన ముందే నవ్వుతారు, ఏడుస్తారు. పంటి డాక్టరుకి ఆ వీలు ఎక్కడిది.

ముందు "పాలపళ్ళే కదా, ఎట్టాగూ ఊడిపోయేవే" అనే మాట సంగతి తేల్చాలి, ఎందుకంటే మీరు ఏం మొదలుపెట్టినా ఇంట్లో జేజిలు (అమ్మమ్మలు, నాయనమ్మలు) ఇదే అంటారు. పాలపళ్ళు మొత్తం 20, ఆరో నెల అటూఇటుగా మొదలై మూడేళ్ళ లోపల అన్నీ వచ్చేస్తాయి. ముందుపళ్ళు ఆరేడేళ్ళకి ఊడతాయి, ఒప్పుకుంటా, కానీ వెనక దవడపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉండాల్సినవి. నాలుగేళ్ళకి పుచ్చిన దవడపన్నుతో ఆ పిల్లోడు ఇంకో ఆరేళ్ళు అన్నం తినాలి. పైగా దాని కిందే అసలు పన్ను తయారవతా ఉంటది, పాలపన్ను దాని చోటు పట్టి ఉంచుతుంది. పామూరు బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటాం చూడండి, అట్టా. తువ్వాలు ముందే తీసేస్తే పక్కనోళ్ళు జరిగి కూర్చుంటారు, మన మనిషి ఎక్కేసరికి చోటుండదు, ఎక్కడో వంకరగా ఇరుక్కోవాలి. నేను ఈ తువ్వాలు మాట చెప్పాక మా ఊళ్ళో వాదన సగం తగ్గింది, దంతసంరక్షణ అని చార్టు పట్టుకుని చెప్పినప్పుడు ఎవరూ వినలా.

తీపి ఎన్నిసార్లు?

తీపి ఎంత తిన్నాడని అడగబాకండి, ఎన్నిసార్లు తిన్నాడని అడగండి. పంటి మీద పాచిలో ఉండే క్రిములు మనం తిన్న తీపి తిని పులుపు వదుల్తాయి, ఆ పులుపుకి పంటి పైపెంకు కరుగుతా వస్తది. తిన్న కొద్ది నిమిషాల్లోనే ఇది మొదలవుతుంది, మళ్ళీ ఉమ్మి దాన్ని కడిగి మామూలుకి తెచ్చేసరికి అరగంట నుంచి గంట పడుతుంది. ఇప్పుడు లెక్కేయండి. ఐదు రూపాయల బిస్కెట్ పాకెట్ ఒకేసారి తినేస్తే పంటికి ఒక దెబ్బ. అదే పాకెట్ నిక్కరు జేబులో పెట్టుకుని పది గంటల నుంచి ఒంటిగంట దాకా ఒక్కో ముక్క కొరుకుతా ఉంటే ఆ పూటంతా నోరు పులుపులోనే నానుతుంది, ఉమ్మికి సరిచేసే టైమే దొరకదు. పాకెట్ అదే, డబ్బులు అవే, పన్ను మాత్రం పోద్ది.

ఇది పిల్లకాయలకి, తల్లులకి ఒకేసారి చూపించే ఉపాయం ఒకటుంది, మా సెంటర్‌లో బాగా పనిచేసింది. మధ్యాహ్నం గుడ్లు ఒలిచిన పెంకులు ఎట్టాగూ పారేస్తాం కదా, రోంత పెద్ద ముక్క ఒకటి గాజు గ్లాసులో వేసి మునిగేదాకా నిమ్మరసం పొయ్యండి, గూడూరు నిమ్మకాయలున్న జిల్లాల్లో మనకి వాటికి కొదవేం లేదు. ఇంకో గ్లాసులో మంచినీళ్ళు పోసి ఇంకో ముక్క వెయ్యండి. నిమ్మరసంలో పెంకు మీద సన్నగా బుడగలు లేస్తాయి, పిల్లకాయలు గ్లాసు చుట్టూ మూగి "టీచర్, అది ఊపిరి పీలస్తంది" అంటారు. మర్నాడు పొద్దున తీసి వేలితో నొక్కించండి, నిమ్మరసంలోది మెత్తబడి ఉంటది, నీళ్ళలోది టక్కున విరుగుద్ది. పెంకూ పన్నూ ఒకటి కాదు, పన్ను ఇంత తొందరగా కరగదు, ఆ మాట కూడా తల్లులకి చెప్పండి, లేకపోతే పిల్లలకి నిమ్మకాయ పులిహోర కూడా మానేస్తారు, నాకు అదీ అయింది.

సెంటర్‌లో మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. పుట్టినరోజు చాక్లెట్లు మొదటిది. నేను వద్దని ముఖం మీద చెప్పలా, "ఆ డబ్బులతోనే పిల్లలకి తలా ఒక బ్రష్షు ఇప్పించన్నా, మీ పాప పేరు చెప్పుకుని ఏడాదికి నాలుగుసార్లు తోముకుంటారు" అని ఒకాయన్ని అడిగితే, నాలుగుసార్లా అని నవ్వి, బ్రష్షులు తెచ్చిచ్చాడు. (రోజూ రెండుసార్లు అనబోయి నోరు జారా.) చాక్లెట్ తెచ్చేశారనుకోండి, పారేయక్కర్లా, అన్నం అయ్యాక వెంటనే పెట్టేయండి, భోజనంతో పాటు అయిపోతే ఒక దెబ్బతో పోద్ది, తర్వాత నీళ్ళు పుక్కిలించమనండి. చిక్కీ కూడా అంతే. మధ్యలో తినడానికి జామకాయ, ఉడకబెట్టిన శెనక్కాయలు, అలసందలు మంచివి. మసాలా బొంగుల పాకెట్లు తియ్యగా లేవు కదా అని వదిలేయబాకండి, ఆ పిండి దవడపళ్ళ గుంటల్లో అతుక్కుని గంటలసేపు ఉంటది. ప్రైవేటు నర్సరీలో అయితే స్నాక్స్ బ్రేక్ డబ్బాలో ఏముందో వారం రోజులు ఊరికే చూడండి, ఎవర్నీ ఏమీ అనబాకండి, వారం తర్వాత మీకే తెలుస్తది ఎవరి డైరీలో రాయాలో.

మూడేళ్ళ లోపు వాళ్ళకి అంగన్‌వాడీ నుంచి ఇంటికిచ్చే బాలామృతం పొడి సంగతి ఒకటి. అది మంచిదే, బరువు తక్కువ పిల్లకాయలకి అవసరం కూడా, కాకపోతే తియ్యగా ఉంటది కాబట్టి చాలా ఇళ్ళల్లో పిల్ల ఏడ్చినప్పుడల్లా చెంచాడు పొడి చేతిలో పోస్తారు, అది నాకుతా తిరుగుతుంది. జావలాగా కలిపి ఒక పూట కూర్చోబెట్టి తినిపించి, పైన రెండు గుక్కలు నీళ్ళు తాగించమని చెప్పండి. టానిక్కులు, జొరం సిరప్‌లు కూడా చాలావరకు చక్కెర పాకమే, రాత్రి పడుకున్నాక లేపి పోస్తే పైన నీళ్ళు తాగించాల్సిందే.

బళ్ళో బ్రష్షు చేయించడం

పొద్దున ఇంటి దగ్గర తోముకొచ్చారా అని అడిగితే అందరూ చెయ్యెత్తుతారు. అడగడం మానేసి మనమే చేయిద్దాం. స్కాట్లండ్‌లో చైల్డ్‌స్మైల్ అనే కార్యక్రమం కింద నర్సరీ పిల్లలకి బళ్ళోనే టీచర్లు రోజూ బ్రష్షు చేయిస్తారు, చలి దేశం వాళ్ళు చేస్తన్నప్పుడు వేపచెట్టు కింద మనం చేయలేమా అనిపించింది నాకు. మేం మధ్యాహ్నం అన్నం అయ్యాక, పడుకోబెట్టే ముందు చేయిస్తాం. పొద్దున రాగానే చేయించినా ఫరవాలేదు, రోజూ ఒకటే టైమ్ ఉండటం ముఖ్యం. ఇది ఇంటి దగ్గర రెండుసార్లు తోమడానికి బదులు కాదని తల్లులకి గట్టిగా చెప్పండి, లేకపోతే "బళ్ళో చేయిస్తన్నారుగా" అని ఇంటి దగ్గర ఆపేస్తారు.

కావాల్సినవి: చిన్న తల ఉన్న మెత్తటి పిల్లల బ్రష్షు తలా ఒకటి, ఫ్లోరైడ్ ఉన్న మామూలు పేస్టు, ఒక అద్దం, ఉమ్మడానికి ప్లాస్టిక్ టబ్బు. పేస్టు ఎంత అంటే మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత, మూడు దాటితే బఠాణీ గింజంత. టీవీలో బ్రష్షు మొత్తం మీద పాములాగా పేస్టు వేస్తారు చూడండి, అది పేస్టు అమ్ముకోవడానికి. బఠాణీ గింజంత అంటే పావు గ్రాము, 20 మంది పిల్లలకి రోజుకి 5 గ్రాములు, 100 గ్రాముల ట్యూబు 20 రోజులొస్తది. ఖర్చు తెలిస్తే సర్పంచ్‌ని అడగడానికి కూడా మొహమాటం ఉండదు. పెట్టె మీద ఫ్లోరైడ్ ఎంతుందో పీపీఎం అని సన్న అక్షరాల్లో ఉంటది, మన దేశంలో 1000 దాటకూడదని రూలు, ఆ దరిదాపుల్లో ఉన్నది తీసుకోండి. పిల్లల పేస్టు అని బొమ్మలేసి అమ్మేవాటిలో కొన్నిట్లో ఫ్లోరైడ్ చాలా తక్కువ, కొన్నిట్లో అసలుండదు, బొమ్మ చూసి కొనబాకండి. ఇక ఫ్లోరైడ్ అనగానే మన వైపు వాళ్ళకి ఒళ్ళు జలదరిస్తది, ఆ సంగతి కిందకి వస్తా.

ట్యూబుని ఒక్కో బ్రష్షుకీ ఆనించి పేస్టు పెట్టబాకండి, ఒకరి నోటి ఎంగిలి అందరికీ పోద్ది. స్టీలు పళ్ళెం అంచు మీద గింజ గింజగా దూరం దూరంగా పెట్టుకుంటా పోండి, ఎవరి గింజ వాళ్ళు బ్రష్షుతో ఎత్తుకుంటారు. చూడ్డానికి వడియాలు పెట్టినట్టు ఉంటది. పిల్లకాయల్ని వరసగా కింద కూర్చోబెట్టాలి, ఇది మాత్రం తప్పనిసరి, నోట్లో బ్రష్షు పెట్టుకుని పరిగెత్తి పడితే అంగిట్లో గుచ్చుకుంటది. పైదవడ బయటపక్క, లోపలపక్క, తర్వాత కింది దవడ, చివరికి నమిలే చోట్లు. చిన్న చిన్న సున్నాలు చుట్టించండి. పలక మీద సున్నాలు దిద్దిస్తాం కదా, "పంటి మీద సున్న" అంటే తొందరగా పట్టుకున్నారు మా వాళ్ళు. ఒక్కో చోట పది దాకా అందరూ ముక్కుతో లెక్కపెడతారు, మొత్తం రెండు నిమిషాలు అవుతుంది. నోరు తెరిచి లెక్కపెడితే చొక్కా మీదంతా నురగే. అయిపోయాక ఉమ్మేయాలి, గ్లాసుడు నీళ్ళు పోసుకుని పదిసార్లు పుక్కిలించక్కర్లా, పంటి మీద రోంత పేస్టు మిగిలితేనే మంచిది. మా ఆయా కరివేపాకు చెట్టు పాదులో ఉమ్మనివ్వదు, అందుకే టబ్బు.

నిజం చెప్పాలంటే ఈ వయసు పిల్లలు బ్రష్షు నములుతారు, తోమరు. ఏడెనిమిదేళ్ళ దాకా వాళ్ళ చేతికి ఆ పని సరిగా రాదు. బళ్ళో మనం నేర్పేది అలవాటు, పళ్ళు శుభ్రం కావడానికి మాత్రం రాత్రిపూట ఇంట్లో పెద్దవాళ్ళెవరో ఒకరు తోమాలి. అందుకని రోజుకి ముగ్గురు పిల్లల్ని మాత్రం నేనే వెనక నుంచి గడ్డం పట్టుకుని తోముతా, వారంలో అందరికీ ఒక వంతు వస్తది.

బ్రష్షుల దాచకమే అసలు తలనొప్పి. అట్టపెట్టెకి బెజ్జాలు పెట్టి నిలబెట్టాం, ఒకదానికొకటి తగలకుండా, తలలు పైకి ఉండేట్టు, గాలి ఆడేట్టు. మూతలు పెట్టబాకండి, తడికి వాసనొస్తాయి. పేరు రాస్తే పిల్లలు చదవలేరు కాబట్టి పిడి మీద గోళ్ళరంగుతో గుర్తు పెట్టాం, ఒకడికి చేప, ఒకదానికి గొడుగు, ఒకడికి మూడు చుక్కలు. పొరపాటున ఒకరిది ఇంకొకరు నోట్లో పెట్టుకుంటే ఆ బ్రష్షు పారేయడమే. మూడు నెలలకి, లేదా కుచ్చు విచ్చుకున్నప్పుడు మార్చాలి.

నీళ్ళు రాని రోజు, సెక్టార్ మీటింగ్ రోజు మేమూ ఎగ్గొడతాం. ఇంకా ఇటుకపొడి, బొగ్గు, నల్ల పళ్ళపొడి వాడే ఇళ్ళు ఉన్నాయి, అవి పైపెంకుని అరగదీస్తాయి, వాటికి నో చెప్పండి. వేపపుల్ల పెద్దవాళ్ళకి వాళ్ళిష్టం, నాలుగేళ్ళ పిల్లోడు నమలలేడు.

నెలకోసారి పెదవి ఎత్తి చూడండి

తూకం వేసే రోజే దీనికి మంచి రోజు, పిల్లలు ఎట్టాగూ వరసలో ఉంటారు. వాకిట్లో ఎండ వెలుతురు పడేచోట కూర్చోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లని మీ ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకోండి, తల మీ పొట్ట వైపు, కాళ్ళు అవతలికి, అప్పుడు నోరు తనే తెరుచుకుంటది, మీకు పైదవడ కూడా కనపడుద్ది. తల్లి ఉంటే ఇద్దరూ మోకాళ్ళు ఆనించి ఎదురెదురుగా కూర్చుంటే కాళ్ళు ఆమె పట్టుకుంటది. బొటనవేలితో పైపెదవి ఎత్తండి, ముందు అక్కడే చూడాలి, ఎందుకంటే రాత్రిళ్ళు పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకి పైన నాలుగు ముందుపళ్ళే మొదట పోతాయి. కిందవి బాగానే ఉంటాయి, వాటిని నాలుక కప్పి ఉంచుతుంది, ఉమ్మి కూడా అక్కడ ఎక్కువ ఊరుతుంది. పైవి నాలుగూ గోధుమరంగులో అరిగి, కిందవి తెల్లగా మెరుస్తా కనపడితే ఇక తల్లిని ఏమీ అడగక్కర్లా, రాత్రి సీసా కథ అదే చెప్తది.

చిగురుని ఆనుకుని పంటి మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత ఉందేమో చూడండి. గుడ్డతో తుడిచి చూస్తే బాగా తెలుస్తది. అది పుచ్చు మొదలవడం, ఈ దశలో పట్టుకుంటే తోమడం, తీపి తగ్గించడం, డాక్టరు పూసే ఫ్లోరైడ్ వార్నిష్‌తో వెనక్కి తిప్పొచ్చు. గుంట పడ్డాక వెనక్కి తిరగదు. టీచరుగా మన కళ్ళకి ఇంతకంటే విలువైన పని లేదు, ఎందుకంటే తెల్లగీతకి నొప్పుండదు, పిల్ల చెప్పదు, తల్లి చూడదు. దవడపళ్ళ గుంటల్లో నల్లగా ఉందా, చిగురు మీద మొటిమలాగా చీముబుడ్డ ఉందా, అదీ చూసి రిజిస్టర్‌లో పేరు పక్కన ఒక అక్షరం రాసుకోండి: తె, గు, చీ. మా సూపర్వైజర్ అదేందని అడిగింది, చెప్పాక ఇంకో రెండు సెంటర్లకి చెప్పింది.

చీముబుడ్డ ఉంటే ఆ వారమే చూపించాలి. బుగ్గ వాచి జొరం వచ్చినా, నోరు తెరవలేకపోతన్నా, వాపు కంటి వైపు పాకుతున్నా, అదే రోజు ఆస్పత్రికి, రేపు అనబాకండి. తె, గు అయితే ఆర్బీఎస్కే టీమ్ (పిల్లల ఆరోగ్యం చూడటానికి వచ్చే సర్కారు డాక్టర్ల టీమ్) వచ్చినప్పుడు చూపించండి. 2013లో మొదలైన కార్యక్రమం అది, అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలని లెక్క, వాళ్ళు చూడాల్సిన జబ్బుల్లో పళ్ళు కూడా ఉన్నాయి, చాలామందికి తెలీదు, గుండెచప్పుడు చూసి పోతారు. మనమే లిస్టు చేతిలో పెట్టి "సార్, ఈ ఆరుగురి నోరు చూడండి" అంటే చూస్తారు. నెల్లూరు దగ్గరయ్యే వాళ్ళకి నారాయణ డెంటల్ కాలేజీ ఉంది, మిగతావాళ్ళు ప్రభుత్వ ఆస్పత్రిలో పంటి డాక్టరు ఏ రోజు ఉంటారో ముందు ఫోన్ చేసి కనుక్కుని పంపండి, కూలి మానుకుని పోయి తిరిగొస్తే ఇంకోసారి పోరు.

ఒకటి మర్చిపోయా, ఆరేళ్ళ దగ్గరికొచ్చిన పిల్లలకి పాలపళ్ళ వెనకాల కొత్తగా ఒక పెద్ద దవడపన్ను వస్తది. ఏ పన్నూ ఊడకుండానే వస్తది కాబట్టి అందరూ దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. తల్లికి వేలు పెట్టి చూపించండి, "ఇది ఊడితే మళ్ళీ రాదమ్మా" అని.

మచ్చ వేరు, పుచ్చు వేరు

ఇది మన జిల్లాల వాళ్ళకి మరీ అవసరమైన పాఠం. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బు గురించి డాక్టర్లు మొట్టమొదట రాసింది 1937లో, అది అప్పటి నెల్లూరు జిల్లా గురించే. అప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరులోనే ఉండేవి, ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. అంటే మా తాతల నాటి నుంచి మా పళ్ళు పుస్తకాల్లో ఉన్నాయి. నా ముందుపళ్ళ మీద కూడా గోధుమరంగు చారలున్నాయి, పెళ్ళిఫొటోల్లో ఒక్కదాంట్లో కూడా నోరు తెరిచి నవ్వలేదు నేను. అట్టాంటి నేను, ఒకటో తరగతికి పోయిన మా పాత స్టూడెంట్‌ని అందరి ముందు "పళ్ళు తోముకోవడం లేదా, ఎట్టా పాచి పట్టాయో చూడు" అన్నా. ఆ పిల్ల ఇంటికెళ్ళి ఉప్పు పెట్టి చిగుళ్ళు రక్తం కారేదాకా రుద్దుకుందంట. వాళ్ళమ్మ వచ్చి చెప్పింది, గట్టిగా కూడా అనలా, అందుకే ఇంకా సిగ్గేసింది.

ఫ్లోరైడ్ మచ్చ తోమితే పోదు. అది పన్ను లోపల తయారయ్యేటప్పుడే పడింది. గుర్తుపట్టడం ఇట్టా: ఫ్లోరైడ్ మచ్చలు రెండుపక్కలా జోడుగా ఉంటాయి, కుడి ముందుపంటి మీద ఉంటే ఎడమదాని మీదా దాదాపు అట్టాగే ఉంటది, అడ్డంగా మబ్బు చారల్లాగా, సుద్దమచ్చల్లాగా, కొన్ని గోధుమరంగుకి తిరిగి ఉంటాయి, ఎక్కువగా పాలపళ్ళు ఊడాక వచ్చిన పెద్దపళ్ళ మీద. పుచ్చు అయితే చిగురు అంచున, గుంటల్లో, పళ్ళ సందుల్లో మొదలవుతుంది, జోడుగా ఉండాలని లేదు, ముదిరితే గుంట పడుద్ది. రెండూ కలిసి ఉండే పిల్లలు కూడా ఉంటారు, అనుమానం ఉంటే డాక్టరుకే వదిలేయండి.

ఇంకో నల్లమచ్చ ఉంది. ఐదేళ్ళ లోపు పిల్లలకి వారానికి రెండుసార్లు ఐరన్ సిరప్ 1 ఎంఎల్ పోస్తారు కదా, దానికి పళ్ళ మీద నల్లగా గార పడుద్ది. తల్లులు భయపడి సిరప్ ఆపేస్తారు. అది పైపైన మరకే, పుచ్చు కాదు. నాలుక వెనగ్గా పోసి, పైన నీళ్ళు తాగించి, పళ్ళు తోమితే తగ్గుద్ది. సిరప్ ఆపనివ్వబాకండి.

ఇప్పుడు అసలు మాట. ఫ్లోరైడ్ మచ్చ మనకి కనపడేది ఏడెనిమిదేళ్ళకి, కొత్త ముందుపళ్ళు బయటికొచ్చాక. అది పడేది మాత్రం ఆ పళ్ళు చిగురు లోపల తయారయ్యేటప్పుడు, అంటే పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ళ లోపు. సరిగ్గా మన దగ్గర ఉండే ఏళ్ళు. కాబట్టి సెంటర్‌లో పిల్లలు తాగే నీళ్ళు, అన్నం పప్పు వండే నీళ్ళు ఎక్కడివి అనేది పళ్ళకి సంబంధించిన ప్రశ్నే. తాగే నీళ్ళల్లో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. బోరు నీళ్ళు వాడతన్నారంటే టెస్టు చేయించమని పంచాయతీకి కాగితం పెట్టండి. మరగబెడితే పోద్దిలే అనుకోబాకండి, మరగబెడితే నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుద్ది. చాలా సెంటర్లలో తాగడానికి క్యాను నీళ్ళు తెచ్చి, వంటకి మాత్రం బోరు పంపే వాడతారు, మేమూ అంతే చేశాం చాన్నాళ్ళు. వంటకి కూడా క్యాను నీళ్ళే కావాలి.

మరి నీళ్ళలోనే ఇంత ఫ్లోరైడ్ ఉన్నచోట ఫ్లోరైడ్ పేస్టు ఎందుకు అంటారు, నన్ను ప్రతి మీటింగ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. పేస్టులోది పంటి పైన పనిచేసి ఉమ్మితో బయటికి పోద్ది, నీళ్ళలోది రోజంతా కడుపులోకి పోయి రక్తంలోంచి తయారయ్యే పంటిని చేరుతుంది. బఠాణీ గింజ దాటకుండా పెట్టి, మింగకుండా ఉమ్మించడం మన పని. ఉమ్మడం రాని చిన్నపిల్లలకి బియ్యపుగింజంత పూతలాగా రాస్తే చాలు. బోరునీళ్ళు తప్ప దిక్కులేని ఊరైతే, పిల్లల పళ్ళ మీద మచ్చలు ఎక్కువగా ఉంటే, ఏ పేస్టు వాడాలో పంటి డాక్టరునే అడిగి చెయ్యండి.

ఇంటి వాళ్ళతో మాట్లాడటం

మా వైపు పొగాకు గ్రేడింగ్ సీజన్ వస్తే తల్లులు తెల్లారకముందే ట్రాక్టర్ ఎక్కిపోతారు, పిల్లల్ని దించేదీ తీసుకుపోయేదీ జేజిలే. ఒకటో తారీకు పెన్షన్ డబ్బులు చేతికొస్తే మనవడికి పాకెట్ కొనిపెట్టని జేజి ఉండదు. వాళ్ళకి అది ప్రేమ. దాన్ని తప్పు అంటే మీరు చెప్పే రెండో మాట వినరు. నేను ఇట్టా మాట్లాడతా: "అవ్వా, కొనిపెట్టు, కాదన్లా. అన్నం తిన్నాక పెట్టు, ఒకేసారి తినెయ్యమను, జేబులో పెట్టుకోనివ్వబాక." "అంతేనా?" "అంతే. రాత్రి పడుకునేముందు మాత్రం నోట్లో ఏం ఉండకూడదు." "పాలు తాగందే వాడు పడుకోడమ్మే." "పాలు తాగినాక తోమి పడుకోబెట్టు, తర్వాత మంచినీళ్ళే."

సీసా ఒక్కసారిగా లాగేయమని చెప్పబాకండి, మూడు రాత్రులు ఏడ్చి నాలుగో రాత్రి మళ్ళీ సీసానే గెలుస్తది. సీసాలో చక్కెర ముందు ఆపాలి, తర్వాత రాత్రి సీసాలో పాలు రోంత తగ్గించి నీళ్ళు రోంత పెంచుకుంటా రెండు వారాల్లో ఉత్త నీళ్ళకి తేవాలి, ఆపైన పిల్లే వదిలేస్తది. పగటి పాలు గ్లాసుతో మామూలుగానే ఇయ్యాలి, అవి తగ్గించకూడదు. తల్లిపాలు వేరే సంగతి, రెండేళ్ళ దాకా ఇయ్యాల్సిందే, పళ్ళొచ్చాక తడిగుడ్డతోనో బ్రష్షుతోనో తుడుస్తా ఉండమనండి, అంతే.

పళ్ళొచ్చేటప్పుడు విరేచనాలు మామూలే అని ఇంట్లో కూర్చోబెడతారు కొందరు. పళ్ళకీ విరేచనాలకీ సంబంధం లేదు, ఆ వయసులో కిందామీదా దొరికింది నోట్లో పెట్టుకుంటారు, అదీ కారణం. ఓఆర్ఎస్ ఇచ్చి ఏఎన్ఎమ్‌కి చెప్పండి. పన్నునొప్పికి పొగాకు ముక్క పెట్టేవాళ్ళు కూడా మన వైపు ఉన్నారు, పిల్లల నోట్లో మాత్రం అస్సలు పెట్టనివ్వబాకండి.

పిల్ల నోట్లో పుచ్చు సంగతి తల్లికి చెప్పేటప్పుడు పదిమందిలో చెప్పబాకండి, సంచి అందించేటప్పుడు పక్కకి పిలిచి, నోరు తెరిపించి చూపించి చెప్పండి, కళ్ళతో చూస్తే వాదన ఉండదు. ఇంకొకటి, అన్నం తినకపోతే డాక్టరు సూది వేస్తాడని పిల్లల్ని బెదిరించే అలవాటు మనలో చాలామందికి ఉంది, నాకూ ఉండేది. అట్టా బెదిరించిన పిల్లోడు రేపు పంటి కుర్చీలో నోరు తెరవడు. మా గుడ్డు బుడ్డోడు తెరవలా. మూడుసార్లు తిప్పారు వాళ్ళ నాయన బండి మీద.

పడి పన్ను ఊడితే

ఆడుకునేటప్పుడు మెట్టు మీద పడి ముందుపన్ను మొత్తం ఊడి చేతికొచ్చిందనుకోండి. పిల్ల వయసు చూడండి. ఐదేళ్ళ లోపైతే అది పాలపన్ను, దాన్ని మళ్ళీ గుంటలో పెట్టబాకండి, కింద తయారయ్యే పన్నుకి దెబ్బ తగులుద్ది. శుభ్రమైన గుడ్డ మడిచి ఆ చోట పెట్టి పది నిమిషాలు కొరికి పట్టుకోమనండి, నెత్తురు ఆగుద్ది, పన్ను ముక్క ఏమన్నా విరిగి పెదవిలో దిగిందేమో చూడండి, డాక్టరుకి చూపించండి. తల తిరుగుతుందన్నా, వాంతి చేసుకున్నా పన్ను సంగతి తర్వాత, ముందు ఆస్పత్రికి.

ఆరేడేళ్ళు దాటి, కొత్తగా వచ్చిన పెద్దపన్ను ఊడితే కథ వేరు. బడి అయ్యాక మన సెంటర్ ముందు ఆడుకునే అన్నలూ అక్కలూ ఉంటారు కాబట్టి ఇదీ తెలిసుండాలి. పన్నుని తెల్లటి వైపు పట్టుకోండి, వేరు వైపు ముట్టుకోవద్దు, రుద్దొద్దు. మట్టి అంటితే రెండు మూడు సెకన్లు నీళ్ళ కింద పట్టి, వీలైతే అదే గుంటలో పెట్టి గుడ్డ కొరికించి పట్టుకోమనాలి. పిల్ల ఒప్పుకోకపోతే పాలలో వేసి పట్టుకుపోవాలి, అరగంట లోపల పంటి డాక్టరు దగ్గర ఉంటే పన్ను మళ్ళీ నిలబడే ఆశ ఉంటది. ఉత్త నీళ్ళలో వేసి ఉంచబాకండి, కాగితంలో చుట్టబాకండి. అంగన్‌వాడీలో పాలు ఎట్టాగూ ఉంటాయి, కాచనివైనా ఫరవాలేదు, కాచినవైతే బాగా చల్లారి ఉండాలి, చక్కెర వేసిన గ్లాసు మాత్రం పక్కన పెట్టండి.